చుక్క దండకం

వాంతి ఎరగని ప్రాణమా, నీకు దండం. మింగినది మంచైనా చెడైనా వెనక్కి తేలేని పుట్టుక నీది. కుక్క పచ్చగడ్డి నమిలి కక్కేస్తుంది. మనిషి గొంతులో వేలు పెట్టుకుని తేలికపడతాడు. నీ అన్నవాహిక కడుపులోకి దిగే చోట కండ బిగువు ఎంతటిదంటే, కడుపైనా పగలాలి గాని పైకి మాత్రం తోవ ఇవ్వదు. లోపలికి పోయినది ముందుకే నడవాలి. అంత పెద్ద ఒంటికి అంత చిన్న కడుపు. పది పదిహేను లీటర్లతో నిండిపోతుంది. దాని వెనక 70 అడుగుల చిన్నపేగు, ఆ వెనక మడతలు మడతలుగా పెద్దపేగు, కటి దగ్గర అది వెనక్కి తిరిగే చోట ఒక సన్నని వంపు. నీ చావుబతుకులు ఆ వంపులో ఉన్నాయి. నీ మీద పద్యాలు కట్టినవాళ్లు నీ పరుగును పొగిడారు, జూలును పొగిడారు, మెడ వంపును పొగిడారు. నేను నీ పేగును పొగుడుతాను. ఒక రాత్రల్లా మా ఇంటిల్లిపాదీ దాని చప్పుడు కోసమే చెవులు రిక్కించి బతికాం.

నుదుట తెల్లమచ్చతో పుట్టావు గనక చుక్కవయ్యావు. రాజమహేంద్రవరంలో గోదావరి స్టేషను బయట జట్కాల వరసలో నీ చోటు నీది. హేవలాక్ వంతెన మీద రైలు దడదడలాడుతుంటే చెవులు రెండూ అటు తిప్పేదానివి. కిరాయి వస్తోందని నాన్న కన్నా ముందు నీకే తెలిసేది. కోటగుమ్మం, నాళం వారి సత్రం, మార్కండేయస్వామి గుడి, కోటిలింగాల రేవు, ఎక్కడికైనా పగ్గం లాగకుండానే మలుపు తిరిగేదానివి. అస్థికల కుండ ఒళ్లో పెట్టుకుని మాటామంతీ లేకుండా కూర్చున్న కొడుకులను రేవుకు చేర్చావు. పసుపు బట్టల కొత్త జంటలను తెచ్చావు. నెలలు నిండిన ఆడవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు నీ అడుగు దానంతటదే మెత్తబడేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 1979 పుష్కరాలకు రేవు దారులన్నీ జనంతో కిక్కిరిసిపోతే, అంత జనంలో ఒక్కరి కాలు తొక్కలేదు నువ్వు. మా పొయ్యిలో మంట నీ కాళ్ల పుణ్యం. మా చదువులు నీ కాళ్ల పుణ్యం. నువ్వు పెట్టిన అన్నం తిని పెరిగానని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

వరద తీశాక నది నడుమ లంకల్లో గడ్డి లేస్తుంది. గోదావరి వెనక్కి తగ్గుతూ ఆ దుబ్బుల మొదట్లో సన్న ఇసుక వదిలి వెళ్తుంది. ఆవు నాలుకతో చుట్టి పైపైన తుంచుకుంటుంది, గుర్రం మొదలంటా కొరుకుతుంది. గడ్డితో పాటు ఇసుకా వెళ్తుంది, రోజూ కొంచెం. బరువైన ఇసుక పేగు అడుక్కి దిగి అక్కడే ఉండిపోతుంది. పైకి మాత్రం గుర్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. నువ్వూ అలాగే ఉన్నావు, ఆ సాయంత్రం దాకా.

కార్తీక మాసం, దీపాల వేళ. ఉలవ గుగ్గిళ్ల బొచ్చె ముందు పెడితే వాసన చూసి తల పక్కకు తిప్పేశావు. మాలీషు చేస్తున్న నాన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఉలవలంటే తాడు తెంపుకుని వచ్చేదానివి! ముందుకాలితో నేల గీరావు. మెడ తిప్పి నీ డొక్క వైపు చూసుకున్నావు, మళ్లీ చూసుకున్నావు, మళ్లీ. పై పెదవి ముడుచుకుని పళ్లు బయటపడ్డాయి. మెడ మీదా చెవుల వెనకా చల్లని చెమట. కూలబడ్డావు, లేచావు, మళ్లీ కూలబడి వీపు మీద పొర్లబోయావు. నొప్పిని దాచుకోవడం నీ జాతికి పుట్టుకతో వచ్చిన విద్య. అడవిలో కుంటుతూ కనబడినదాన్నే పులి ఎంచుకుంటుంది. అంత గుట్టు గల జాతి మా కళ్ల ముందు, దీపం వెలుగులో, దాచుకోలేక పొర్లిందంటే లోపల ఎంత కోత పెట్టిందో! "ఏవైందే తల్లీ, ఏవైందే" అంటూ అమ్మ నీ మొహం మీద చెయ్యి తీయలేదు.

వీధి వీధంతా వచ్చింది. మా డెల్టాలో పశువుల జబ్బులు కొత్త కాదు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, వీటి ఆనవాళ్లు పాలేరు కుర్రాడైనా చెప్పగలడు. ఎడ్లకూ గేదెలకూ మా దగ్గర పేర్లున్నాయి, మందులున్నాయి, మొక్కులున్నాయి. గుర్రానికి ఉన్నది ఒకటే మాట, శూల. ఒకరు వాము కాచారు, ఒకరు ఇంగువ నూరారు, ఒకరు ఆముదం తెచ్చారు. ఎవరో వెదురుగొట్టం కూడా పట్టుకొచ్చారు. అందరూ ప్రేమతోనే వచ్చారు. ఎద్దు తల ఎత్తిపట్టి గొట్టంతో మందు పోసి నిలబెట్టిన చేతులే అవన్నీ.

అప్పుడు వచ్చాడు సాయిబు మావయ్య. జట్కాల వరసలో అందరికన్నా పెద్దవాడు. గుర్రం ఈనినా, కుంటినా, మేత మానినా ఆయన రావలసిందే. వస్తూనే ఆ గొట్టం అందుకుని గోడవతల పెట్టేశాడు.

"వద్దు బావా. దీనికి తలెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది. శూల తగ్గినా రొమ్ము పట్టేసి పోద్ది బిడ్డ."

బిడ్డ అన్నాడు నిన్ను. నీ డొక్కకు చెవి ఆనించాడు. కుడివైపు పైన, కింద. ఎడమవైపు పైన, కింద. బాగున్న గుర్రం పొట్టలో ఎప్పుడూ దూరపు ఉరుము ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఆ రాత్రి నీ పొట్ట నాలుగు చోట్లా మూగబోయింది. "పలకట్లేదు" అన్నాడు మావయ్య. ఆ ఒక్క మాటకు నాన్న మొహం పాలిపోవడం చూశాను. పశువుల డాక్టరుగారి కోసం నేను సైకిలెక్కాను.

డాక్టరుగారు వచ్చాక తొందరపడలేదు. తొందరపడకపోవడం కూడా వైద్యమేనని ఆ రాత్రి తెలిసింది. దవడ ఎముక కింద వేలు పెట్టి నాడి లెక్కపెట్టారు. కుదురుగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. నీది 60 దాటింది. చిగురు మీద వేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో నెత్తురు తిరిగి రావాలి, నీకు ఆలస్యంగా వచ్చింది. "లంకల్లో మేస్తోందాండి? అయితే ఇసకే" అన్నారు. నొప్పికి సూది వేశారు. తర్వాత మెత్తని రబ్బరు గొట్టానికి నూనె రాసి ముక్కులోంచి దింపారు. నోటితో ఊపిరి తీసే వీలులేని జాతి నీది, ముక్కే దిక్కు. ఆ ముక్కు రంధ్రాల్లో ఒకదాన్ని మందుకు అప్పగించి, రెండోదానితో బుసబుసలాడుతూ నిలబడ్డావు. నువ్వు గుటక వేసే క్షణం దాకా ఆగి, గుటకతో పాటే గొట్టం జారనిచ్చారు. మెడ ఎడమవైపు చర్మం కింద అది దిగడం వేళ్లతో తడిమి చూసుకున్నాకే లిక్విడ్ పారఫిన్ పోశారు. ఆ ఓర్పుకు దండం. గోడవతల పడి ఉన్న వెదురుగొట్టానికీ ఆ రబ్బరు గొట్టానికీ మధ్య ఉన్నది నీ ప్రాణమే.

"తెల్లారేలోపు లద్ది పడాలండి. పడితే గండం గట్టెక్కినట్టే. మేత పెట్టకండి. పొర్లనివ్వకండి, పేగు మెలిపడిపోద్ది."

ఆ రాత్రి గోదావరి గట్టు మీద నిన్ను నడిపించడమే మా ఇంటి పూజ. పగ్గం కాసేపు నాన్న చేతిలో, కాసేపు మావయ్య చేతిలో, కాసేపు నా చేతిలో. అలిసిపోయేలా కాదు, పొర్లాలన్న ధ్యాస మళ్లేటంత. నువ్వు ఆగితే ఆగాం. నువ్వు డొక్క వైపు చూస్తే మేమూ అటే చూశాం. నీ చెవి చల్లబడిందేమోనని నాన్న మాటిమాటికీ తడిమాడు. గట్టు కింద కార్తీక దీపాలు కొడిగట్టాయి. జబ్బు పడిన మనిషి ఎక్కడ నొప్పో చెబుతాడు, మంచినీళ్లడుగుతాడు, భయమేస్తోందంటాడు. నీకు ఆ వెసులుబాటు లేదు. నీ భయాన్ని నీ తరఫున మేం పడ్డాం.

కోటగుమ్మం దగ్గర హరికథలు వినీ వినీ సాయిబు మావయ్యకు భారతమంతా నోటికొచ్చు. లాంతరు పట్టుకుని నడుస్తూ ద్రోణపర్వం అందుకున్నాడు. సైంధవుణ్ణి పొద్దుగుంకేలోపు చంపుతానని అర్జునుడు పట్టిన శపథానికి గడువైన రోజు. నడి యుద్ధంలో గుర్రాలు డస్సిపోయాయి, ఒళ్లంతా బాణాలు. పొద్దు వాలిపోతోంది, శపథం తరుముతోంది. అయినా రథం ఆగింది. అర్జునుడు నేల మీదికి దిగి ఒంటరిగా శత్రువుల్ని అడ్డుకున్నాడు, బాణం వేసి నీళ్లు పుట్టించాడు, బాణాలతోనే ఇల్లు కట్టాడు. ఆ నీడలో కృష్ణుడు పగ్గాలు విప్పి, ఒక్కొక్క బాణమూ తన చేతులతో పీకి, ఒళ్లు రుద్ది, కడిగి, నీళ్లు తాగించి, మేత పెట్టాడు. గీత చెప్పిన నోరు గొప్పదే. బాణాలు పీకిన ఆ చేతులు ఇంకా గొప్పవని నేను నమ్ముతాను. వానలు రాకపోతే మన ఊళ్లల్లో చదివించే విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రపుశాలలో చేరతాడు. దేశమేలే వంశంలో పుట్టినవాడికి తలదాచుకోవడానికి దొరికిన చోటు గుర్రాల పక్కన.

పెద్దయ్యాక నేను నీ జాతి చరిత్ర వెతుక్కున్నాను. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువు చూసిన శ్రీనాథుడు, హరవిలాసంలో అవచి తిప్పయ్యసెట్టి సముద్రం మీద తెప్పించిన సరుకుల మధ్య హోర్ముజ్ గుర్రాలను లెక్కపెట్టాడు. ఎండిన గాలికి పుట్టిన గుర్రాలు మన ఉప్పుగాలి తీరానికి ఓడల్లో దిగాయి. మనిషికి మల్లే ఒళ్లంతా చెమట పోసి చల్లబడే జాతి నీది. మన ఉక్కలో చెమట ఆరదు. మార్కోపోలో తమిళ తీరం గురించి రాసిన మాటలు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారట, ఏడాది తిరిగేసరికి మిగిలేవి కొన్నేనట. వాటిని సాకడం తెలిసినవాళ్లు అక్కడ లేరు, తెలిసినవాళ్లను వర్తకులు రానివ్వరు. గుర్రాలు చస్తేనే కదా మళ్లీ బేరం! విద్య లేక కాదు. శాలిహోత్రుడి పేర సంస్కృతంలో అశ్వవైద్యం ఉంది. తెలుగులో మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం ఉంది. అవన్నీ రాజుల గుర్రపుశాలలకు చెందాయి. జట్కా గుర్రానికి దక్కింది సాయిబు మావయ్య చెవి.

అమ్మ మాతో గట్టుకు రాలేదు. పసుపు గుడ్డలో రూపాయి కట్టి అంతర్వేది గుర్రాలక్కకు మొక్కుకుంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట వెలసిన నరసింహస్వామికి తోబుట్టువు ఆవిడ, అశ్వరూఢాంబ. రక్తవిలోచనుడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రాక్షసులు లేస్తుంటే, ఆ నెత్తురు ఇసుకను తాకకుండా నాలుక చాచి పట్టిన తల్లి. భీష్మ ఏకాదశి రథోత్సవంలో స్వామి ఆవిడ గుడి దాకా వెళ్లి చీర సారె పెడతాడు. "ఇసకను గెలిచిన తల్లివి, మా పిల్ల కడుపులో ఇసకను కూడా గెలువమ్మా" అని అమ్మ మొక్కు. డాక్టరుగారి మందును నమ్మిన చేత్తోనే ఆ ముడుపూ కట్టింది. ఆ రెండింట్లో ఏదీ ఎక్కువ తక్కువ కాలేదు మాకు.

కోడి కూసే వేళకు మావయ్య మళ్లీ చెవి ఆనించాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తి అందర్నీ మాట్లాడొద్దన్నాడు. కుడివైపు డొక్కలో సన్నగా గురగుర. కాసేపటికి ఎడమవైపు. తర్వాత నువ్వు కాళ్లు ఎడం చేసి తోక ఎత్తావు.

లద్దీ, నీకు దండం! పారఫిన్ జిడ్డుతో మెరుస్తూ, పొగలు కక్కుతూ నేల మీద పడిన లద్దీ, నీకు వేయి దండాలు. ఆ వాసనకు మా నాన్న ఏడ్చాడు. పెళ్లిలోనూ చావులోనూ ఏడవని మనిషి, గుర్రపు లద్ది ముందు గొంతుకూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మావయ్య గుప్పెడు తీసి గాజు సీసాలో నీళ్లు పోసి కలిపి అరుగు మీద పెట్టాడు. గడ్డి పీచు పైకి తేలింది. సీసా అడుగున వేలు మందాన గోదావరి ఇసుక పేరుకుంది. అమ్మ వీధంతా బెల్లం పంచింది. నువ్వు నీళ్లలో మూతి పెట్టి చప్పుడు చేస్తూ తాగావు.

ఆ తర్వాత ఇసప్‌గోల్ పొట్టు, నేల మీద కాకుండా తొట్టిలో మేత, లంక మేపు బంద్. పిల్లిపెసర కోసి తెచ్చి పెట్టేవాళ్లం. చాలా ఏళ్లు బతికావు నువ్వు. ఆటోలు వచ్చి జట్కాలు పోయాక కూడా మా పెరట్లో చింతచెట్టు కింద నీ చోటు నీకే ఉంది. నాన్న నిన్ను అమ్మలేదు.

చుక్కా, నీ జాతికి మా డెల్టా పడిన బాకీ జట్కాతో తీరేది కాదు. వరి కోతల్లో మోపు ఎత్తబోయి పాము కాటు తిన్న కూలీ ఆసుపత్రికి చేరితే, సెలైన్‌లో కలిపి ఎక్కించే మందు గుర్రం నెత్తురులోంచి వచ్చిందే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం ఒళ్లు దానికి విరుగుడు తయారుచేసుకుంటుంది. ఆ నెత్తుటి రసాన్ని శుద్ధి చేసి మనకు ఇస్తారు. కంఠసర్పితో ఊపిరాడక పోయే పసిపిల్లలను బతికించిన సీరం కూడా గుర్రాలు ఇచ్చిందే. 1901లో వైద్యానికి తొలి నోబెల్ బహుమతి తెచ్చింది ఆ సీరం చికిత్సే. విషం మీకు, విరుగుడు మాకు. ఇంతకన్నా పెద్ద దానం పురాణాల్లో కూడా నాకు కనబడలేదు.

గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్ల కూడళ్లలో గుర్రం మీద కాటన్ దొర కనబడతాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి ఈ నేలకు అన్నం పెట్టినవాడు. మే 15న ఆయన పుట్టినరోజుకు రైతులు దండలు వేస్తారు. అయ్యలారా, ఈసారి దండ వేసేటప్పుడు గుర్రం మెడలో కూడా ఒకటి వేయండి. కాలవలు కొలిచినవాణ్ణి ఊరూరా మోసింది అదే.

దేశంలో 2012 పశుగణనలో 6 లక్షలు దాటి ఉన్న గుర్రాలు 2019 గణనకు 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. మన దగ్గర మిగిలినవి పెళ్లికొడుకుల ఊరేగింపులకూ, పిల్లల సరదాలకూ అద్దెకు తిరుగుతున్నాయి. బాజాల మధ్య, జనరేటరు లైట్ల వేడిలో, రాత్రి పదింటిదాకా నీళ్లు లేక నిలబడిన గుర్రాన్ని నేను చూశాను. అది కూడా నొప్పి దాచుకునే జాతే. దాని డొక్కకు చెవి ఆనించే సాయిబు మావయ్యలు ఇప్పుడు లేరు. కాబట్టి ఆ పని మనది. మీ ఇంటి పెళ్లికి గుర్రం వస్తే ముందు దానికి ఒక బకెట్టు నీళ్లు పెట్టించండి. గుర్రం మేత మాని, నేల గీరి, డొక్క వైపు తిరిగి చూసుకుంటుంటే తెల్లారేదాకా ఆగకండి. నోట్లో ఏదీ పోయకండి, మేత తీసేయండి, పొర్లకుండా మెల్లగా నడిపించండి. పశువుల అంబులెన్సు నంబరు 1962. వెంటనే ఫోన్ చేయండి, డాక్టరు వచ్చేదాకా దాని పక్కనుంచి కదలకండి.